మంచు తెల్లగా ఉండదు: ఇంప్రెషనిస్టు ప్రకృతి చిత్రాల్లో భావమూ పనితనమూ

1874లో పారిస్‌లో జరిగిన తొలి ఇంప్రెషనిస్టు ప్రదర్శనకు నూట యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2024లో పారిస్‌లోని ఓర్సే మ్యూజియం, వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ కలిసి ఒక పెద్ద ప్రదర్శన నిర్వహించాయి. దానితో ఈ చిత్రాల గురించిన చర్చ మళ్లీ మొదలైంది. అదే సమయంలో, తీసిన ఏ ఫొటోనైనా ‘ఇంప్రెషనిస్టు శైలి’లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు కూడా అందరి ఫోన్లలోకి వచ్చాయి. బొమ్మను కాస్త మసకబార్చి, పైన కుంచె గీతలు చల్లితే అదే ఇంప్రెషనిజం అన్న అభిప్రాయం వాటివల్ల బలపడింది.

ఈ చిత్రాల మీద వచ్చే రాతలు సాధారణంగా రెండు రకాలుగా కనిపిస్తాయి. మొదటి రకంలో ‘ప్రశాంతత’, ‘ఆహ్లాదం’, ‘కలలాంటి వాతావరణం’ అన్న మాటలు తప్ప కాన్వాసు మీద ఏముందో ఉండదు. రెండో రకంలో తెగిన స్ట్రోకులు (విడివిడిగా కనిపించే కుంచె గీతలు), పూరక వర్ణాలు (ఒకదాన్నొకటి ప్రస్ఫుటం చేసే రంగుల జంటలు), ఆరుబయట చిత్రణ అన్న జాబితా ఉంటుంది గాని, వాటన్నిటితో చూసేవాడి మనసులో ఏం జరుగుతుందో ఉండదు. భావం ఒక గదిలో, పనితనం మరో గదిలో కాపురం ఉన్నట్టు ఈ రెండు రకాల రాతలూ విడివిడిగా నడుస్తాయి. ఆ రెండు గదుల మధ్య గోడ నిజంగా ఉందా అన్నది నాలుగైదు చిత్రాలను దగ్గరగా చూస్తే తేలే విషయం.

ఒకే మాటలో దాగిన రెండు అర్థాలు

1874 ఏప్రిల్ 15న, కాపూసీన్ బులెవార్డులో ఒకప్పుడు ఫొటోగ్రాఫర్ నాదార్ స్టూడియోగా ఉన్న భవనంలో, దాదాపు ముప్ఫైమంది చిత్రకారులు ప్రభుత్వం తరఫున జరిగే అధికారిక కళా ప్రదర్శన ‘సలోన్’తో సంబంధం లేకుండా సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. అందులో క్లాడ్ మోనే పెట్టిన చిత్రాల్లో ఒకదాని పేరు ‘ఇంప్రెషన్, సూర్యోదయం’. హాస్య పత్రికలో రాసే లూయీ లెరువా ఆ పేరును పట్టుకుని, గోడలకు అతికించే కాగితం తయారీలో తొలి దశలో కూడా ఈ సముద్ర దృశ్యం కంటే పూర్తయినట్టు ఉంటుందని వెక్కిరించాడు. ‘ఇంప్రెషనిస్టులు’ అన్న పేరు అలా వెటకారంగానే ప్రచారంలోకి వచ్చింది.

కొద్ది రోజులకే జూల్ కస్తాన్యారీ అనే మరో విమర్శకుడు అదే పేరుకు గౌరవప్రదమైన అర్థం చెప్పాడు. వీరు ప్రకృతి దృశ్యాన్ని చిత్రించడం లేదు, ఆ దృశ్యం కలిగించే ‘సెన్సేషన్’ను చిత్రిస్తున్నారు కాబట్టి వీరు ఇంప్రెషనిస్టులు అని అతని వివరణ. చిక్కంతా ఆ ఫ్రెంచి మాటలోనే ఉంది. కంటికి తగిలే వెలుగు, చర్మానికి తగిలే చలి వంటి ఇంద్రియ స్పర్శకూ ఆ మాటే వాడతారు. ఆ స్పర్శ వల్ల లోపల పుట్టే అనుభూతికీ అదే మాట. తెలుగులో మనం ఈ రెంటికీ వేర్వేరు మాటలు వాడుకుంటాం. అందువల్ల దాన్ని ‘అనుభూతి’ అని అనువదించినప్పుడల్లా మాటలో సగభాగం, అంటే కంటికి సంబంధించిన సగం, జారిపోతుంది. మొదటి రకం రాతలు పుట్టేది సరిగ్గా అక్కడే.

ఈ చీలిక తెలుగు అనువాదానికే పరిమితం కాదు. మోనే వట్టి కన్ను మాత్రమేనని, అయితే ఎంత గొప్ప కన్నో అని సాటి చిత్రకారుడు సెజాన్ అన్నట్టు చెప్పే మాట ఎంతో ప్రసిద్ధం. వీరు వెలుతురును నమోదు చేసిన పరిశీలకులని ఒక వర్గం నేటికీ వాదిస్తుంది. ప్రకృతి మీద తమ మనోస్థితిని ఆరోపించిన భావుకులని మరో వర్గం వాదిస్తుంది. నా దృష్టిలో ఈ వాదం తెగకపోవడానికి కారణం ఉభయులూ ఒకే మాటలోని చెరో అర్థాన్నీ పట్టుకుని లాగడమే.

ప్రబంధంలోని సూర్యోదయం, మోనే సూర్యోదయం

మన అలంకారశాస్త్రంలోని ఒక విభజన ఇక్కడ పనికివస్తుంది. రసం పుట్టడానికి కారణమయ్యే విభావాలు రెండు రకాలు. ఎవరిని ఆశ్రయించి భావం పుడుతుందో ఆ వ్యక్తి, అంటే నాయకుడో నాయికో, ఆలంబన విభావం. ఆ భావాన్ని రగిలించే వెన్నెల, పిల్లగాలి, ఉద్యానవనం వంటివి ఉద్దీపన విభావాలు. ప్రబంధానికి ఉండాలని చెప్పే అష్టాదశ వర్ణనల్లో సముద్రం, పర్వతం, ఋతువు, సూర్యోదయం, చంద్రోదయం అన్నీ ఉన్నాయి. కానీ అక్కడ చంద్రుడు ఉదయించేది విరహంలో ఉన్న నాయిక కోసమే. ఆమె లేకపోతే ఆ వెన్నెలకు కథలో పని లేదు.

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో అకాడమీ చిత్రకళ కూడా చాలావరకు ఇలాగే ఆలోచించేది. పురాణ ఘట్టానికో, చారిత్రక ఘట్టానికో నేపథ్యంగా నిలిచే ప్రకృతికే పెద్దపీట వేసేది. ఏ కథా లేని పొలానికీ, బాటకూ విలువ తక్కువ. ఇంప్రెషనిస్టు ప్రకృతి చిత్రంలో ఆలంబనం ఉండదు. మిగిలేది ఉద్దీపనం ఒక్కటే: మంచు, ఎండ, నీళ్లు, పొగ. భావాన్ని మోయడానికి ముఖకవళికలు లేవు, చేతుల కదలికలు లేవు, కథ లేదు. కాబట్టి ఆ బరువంతా రంగు మీద, స్ట్రోకు మీద, వెలుగునీడల అమరిక మీద పడుతుంది. అందువల్లే ఇక్కడ పనితనం గురించి మాట్లాడకుండా భావం గురించి మాట్లాడటం దాదాపు అసాధ్యం. పోలికకు హద్దు ఉందన్నది నిజమే, అలంకారశాస్త్రం చిత్రకళ కోసం పుట్టింది కాదు. అయినా ప్రశ్న ఎక్కడుందో చూపించడానికి ఇది చాలు.

పెట్టెలో ఏముంది?

ఈ పనితనానికి వెనుక కొన్ని వస్తువులున్నాయి. అంతకుముందు నూరి సిద్ధం చేసిన నూనె రంగులను పంది మూత్రాశయంతో చేసిన చిన్న సంచుల్లో నిల్వ చేసేవారు. ఒకసారి గుచ్చితే ఆ రంగు త్వరగా పాడయ్యేది. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే తగరపు ట్యూబుకు పేటెంటు పొందాడు. లోహపు పట్టీతో బిగించిన చదును కుంచెలు వచ్చాయి. వాటితో వెడల్పాటి, పొట్టి స్ట్రోకు ఒక్క ఊపులో పడుతుంది. కోబాల్ట్ నీలం, కృత్రిమ అల్ట్రామెరీన్, సెరూలియన్ నీలం, విరిడియన్ ఆకుపచ్చ, క్రోమ్ పసుపు వంటి కొత్త రంగులు ఆ శతాబ్దంలోనే అందుబాటులోకి వచ్చాయి. కాన్వాసు మీద మొదట పూసే నేలపొర సంప్రదాయంగా ముదురు గోధుమ రంగులో ఉండేది. వీరు ఎక్కువగా లేత నేలపొరలు వాడారు. ముదురు నేల మీద వెలుగును కష్టపడి పైకి తేవాలి. లేత నేల మీద వెలుగు అడుగునుంచే ఉంటుంది.

సిద్ధాంతం వైపునుంచి వచ్చింది షెవ్రల్ పరిశీలన. పారిస్‌లోని గోబ్లాన్ వస్త్రశాలలో అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్న ఈ రసాయన శాస్త్రవేత్తకు, నల్ల దారం వెలిసినట్టు కనిపిస్తోందన్న ఫిర్యాదు వచ్చింది. పరీక్షిస్తే రంగులో లోపం లేదు; పక్కన నేసిన దారాల రంగే నలుపును మార్చి చూపిస్తోంది. పక్కపక్కన ఉన్న రెండు రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయన్న సూత్రాన్ని ఆయన 1839లో ప్రచురించాడు. నారింజ పక్కన నీలం మరింత నీలంగా, పసుపు పక్కన ఊదా మరింత ఊదాగా కనిపించడం దీనివల్లే.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. ఇంప్రెషనిస్టులు రంగులను పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద కలపరని, చుక్కలుగా పెడితే చూసేవారి కంట్లోనే కలుస్తాయని చాలాచోట్ల చదువుతాం. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన పట్టుచీరలో దూరంనుంచి మూడో రంగు కనిపిస్తుందే, ఆ ప్రక్రియ అది. దాన్ని ఒక పద్ధతిగా ఆచరించినవాడు తర్వాత వచ్చిన చిత్రకారుడు సెరా. మోనే, పిసారో, సిస్లే పాలెట్ మీద రంగులను బాగానే కలిపేవారు. తడి రంగు మీద తడి రంగు వేసి కాన్వాసు మీద కూడా కలిపేవారు.

మంచు మీద నీలి నీడ: ‘మ్యాగ్‌పై’ని చూడటం

1868–69 చలికాలంలో మోనే నార్మండీ తీరంలోని ఎత్రెతాలో ఉన్నాడు. అప్పుల్లో మునిగి ఉన్నా, ల ఆవ్ర్‌కు చెందిన గోదిబేర్ అనే పోషకుడు ఆదుకోవడంతో సహచరి కామిల్, పసిబిడ్డ జాన్‌తో కలిసి కొద్దికాలం నిశ్చింతగా గడిపాడు. అప్పుడు గీసిన ‘మ్యాగ్‌పై’ ఇప్పుడు ఓర్సే మ్యూజియంలో ఉంది. ఎత్తు 89, వెడల్పు 130 సెంటీమీటర్లు. మ్యాగ్‌పై కాకి జాతికి చెందిన నలుపు తెలుపుల పక్షి.

చిత్రంలో ఉన్నది కొంచెమే. మంచు కప్పిన పొలం. దానికి అడ్డంగా సాగే అల్లిక దడి. ఎడమవైపు ఒక కట్టె తలుపు, దాని పై కమ్మీ మీద ఆ పక్షి. వెనుక మంచు మోస్తున్న చెట్లు, కుడివైపు చెట్ల చాటున ఒక ఇల్లు. ఎండ దడి వెనుకనుంచి వస్తోంది కాబట్టి దడి నీడ, తలుపు నీడ చూసేవారి వైపుకు పరచుకున్నాయి. మనిషి లేడు.

ఈ నీడలు నీలంగా ఉన్నాయి. నీడ అంటే నలుపు కలిపిన గోధుమ రంగు అని నేర్చుకున్న కళ్లకు ఇది తప్పుగా కనిపించింది. 1869 సలోన్ న్యాయనిర్ణేతలు ఈ చిత్రాన్ని తిరస్కరించారు. కానీ నీడను నీలంగా గీయడం ఊహ కాదు, పరిశీలన. ఎండ తగిలే చోటికి సూర్యుడి పసుపు వెలుగు వస్తుంది. నీడ పడ్డ చోటికి ఆ వెలుగు రాదు, కానీ ఆకాశపు వెలుగు వస్తుంది. నిర్మలమైన ఆకాశం నీలం కాబట్టి నీడ కూడా ఆ ఛాయ తీసుకుంటుంది. మట్టి నేల మీద మట్టి రంగే దీన్ని కప్పేస్తుంది, తెల్లటి ఉపరితలం మీద మాత్రం దాగదు. మంచు మనకు అలవాటు లేకపోయినా, ఉదయం ఎండలో సున్నం వేసిన గోడ మీద పడిన నీడను కాసేపు నిలకడగా చూస్తే ఇదే కనిపిస్తుంది. తెల్లబట్టల్లోని పసుపు ఛాయను చంపడానికి నీలిమందు పెట్టే మన ఇళ్లలో, తెలుపుకూ నీలానికీ ఉన్న చుట్టరికం తెలియనిది కాదు.

ఈ నీడల మీద దుమారం ఆ తిరస్కరణతో ఆగలేదు. మరో దశాబ్దం తర్వాత కూడా హ్యూస్మాన్స్ అనే రచయిత ఇంప్రెషనిస్టుల నీలాన్ని ‘ఇండిగోమేనియా’ అన్నాడు. వారి కళ్లకే జబ్బు చేసిందన్న ధోరణిలో రాశాడు.

మంచు విషయానికి వస్తే, దాదాపు కాన్వాసు అంతా తెలుపే అనిపించినా శుద్ధమైన తెలుపు ఉన్న చోటు వెతకాలి. ఎండ పడిన అంచుల్లో లేత పసుపు, చెట్ల మీద బూడిద, ఊదా, అక్కడక్కడ గులాబీ ఛాయ. తెలుపు బోలెడన్ని ఛాయలుగా విడిపోయింది గాని, వాటి మధ్య వెలుగు స్థాయిలో తేడా చాలా తక్కువ. స్ట్రోకులు కూడా ఒకే తీరులో లేవు. ముందున్న పొలంలో అడ్డంగా, వెడల్పుగా సాగుతాయి; దడి మీద పేరుకున్న మంచులో మందంగా, ముద్దగా నిలుస్తాయి; కొమ్మల్లో పొట్టిగా, విరిగినట్టు ఉంటాయి. ఇంత దగ్గరి ఛాయల నడుమ, తీవ్రమైన నలుపుగా కనిపించేది చాలా చిన్న స్థలం, అది ఆ పక్షి.

ఒక వాక్యాన్ని పరీక్షకు పెడితే

“ఈ చిత్రం ఎంతో ప్రశాంతంగా ఉంది, చూస్తే మనసుకు హాయిగా ఉంటుంది.” ఈ వాక్యం అబద్ధం కాదు. కానీ దీన్ని మరో వంద చిత్రాల కింద రాసినా ఎవరూ అభ్యంతరం చెప్పలేరు, దాని లోపం అదే. ప్రశాంతత ఎక్కడినుంచి వస్తోంది?

దడి, తలుపు కమ్మీలు, పొలం అంచు అన్నీ దాదాపు అడ్డంగా సాగుతాయి. కన్నును లోపలికి లాక్కుపోయే దారి లేదు. వెలుగు స్థాయిలు దగ్గరగా ఉండటంతో కంటికి కుదుపు లేదు. ఇంతవరకూ ‘ప్రశాంతం’ అన్న మాటకు ఆధారం దొరికింది. కానీ తలుపు మూసి ఉంది, ఎండ మనకు ఎదురుగా ఉంది, నీడలు మనవైపు చాచుకుని ఉన్నాయి. అంటే మనం దడికి ఇవతల, చల్లటి వైపున నిలబడ్డాం. వెచ్చదనం, ఇల్లు అవతల ఉన్నాయి. పక్షి ఒక్కటే ఆ సరిహద్దు మీద కూర్చుంది, అది ఎగిరిపోతే చిత్రంలో కదిలే ప్రాణి ఏదీ మిగలదు. ఇవన్నీ చూశాక ‘ప్రశాంతం’ అన్న మాట కొంచెం చాలదనిపిస్తుంది. ‘నిశ్చలం, కానీ ఎంతసేపో తెలియని నిశ్చలం’ అనవచ్చు. దీన్ని ఒక్క వాక్యంగా కూర్చితే ఇలా ఉండవచ్చు: “అడ్డంగా పరచుకున్న నీలి నీడలూ, ఒకదానికొకటి దగ్గరి తెలుపులూ కంటిని నిలబెట్టేస్తాయి, ఆ నిశ్శబ్దంలో ఏకైక నలుపుగా కూర్చున్న పక్షి, అది ఏ క్షణాన చెదిరిపోతుందో అన్న ఎదురుచూపును కూడా వెంట తెస్తుంది.”

ఇందులో సగం పరిశీలన, సగం తీర్పు. మరొకరు ఎదురుచూపును ఒప్పుకోకపోవచ్చు. అయితే వారు ఇప్పుడు దేనితో విభేదిస్తున్నారో తెలుసు, కాన్వాసు మీద వేలు పెట్టి చూపించగలరు. హాయిగా ఉందన్న వాక్యంతో అటువంటి వాదనకే తావు లేదు.

వరద ఉంది, భయం లేదు: సిస్లే

వస్తువునుంచి భావాన్ని ఊహించడం ఎంత ప్రమాదమో ఆల్‌ఫ్రెడ్ సిస్లే చిత్రాలు చెబుతాయి. 1876 వసంతంలో సేన్ నది పొంగి, ఆయన నివసిస్తున్న మార్లీకి దిగువనున్న పోర్-మార్లీ వీధులు మునిగాయి. సిస్లే అక్కడికి వెళ్లి వరుసగా కొన్ని చిత్రాలు గీశాడు. వాటిలో ప్రసిద్ధమైన ‘పోర్-మార్లీలో వరద’ ఓర్సేలోనే ఉంది. ఎడమవైపు ఒక ద్రాక్షసారా దుకాణం నీళ్లలో నిలబడి ఉంది, చుట్టూ నీరు, పడవలు, పైన మేఘాల ఆకాశం.

కొట్టుకుపోతున్న సామాను లేదు, ఏడుస్తున్న మనుషులు లేరు. దుకాణం గోడలు లేత పసుపు, గులాబీ ఛాయల్లో శుభ్రంగా ఉన్నాయి. నీళ్లను పొట్టి అడ్డ స్ట్రోకులతో వేశాడు. ఆకాశంలోని బూడిద, నీలం, తెలుపు నీళ్లలోకి కూడా దిగాయి. ఆకాశం ఎప్పుడూ వట్టి నేపథ్యం కాదని, చిత్రానికి లోతునూ చలనాన్నీ ఇచ్చేది అదేనని సిస్లే తర్వాత ఒక లేఖలో వాదించాడు. ఇక్కడ ఆ మాటకు మరో అంచె కలిసింది: వీధి ఉండవలసిన చోట కూడా ఆకాశమే ఉంది.

దీన్ని రెండు విధాలుగా చదువుతారు. విపత్తు నుంచి అందాన్ని ఏరుకున్న నిర్లిప్త దృష్టి అని కొందరికి అనిపిస్తుంది. నాటకీయత లేకుండా చూడటమే నిజాయితీ అని, గట్టిగా నిలిచిన ఆ ఇల్లు, మామూలుగా సాగే పడవలు నది పక్కన బతికేవారి ఓర్పును చూపుతాయని మరికొందరంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ కాలనీల్లోకి వచ్చిన రోజులు గుర్తున్నవారికి మొదటి అభిప్రాయం వైపు మొగ్గు కలిగితే అర్థం చేసుకోవచ్చు. కానీ అప్పుడు ఆ భయం చిత్రం ఇచ్చింది కాదు, చూసేవారు వెంట తెచ్చుకున్నది. భావాన్ని వర్ణించేటప్పుడు ఈ రెంటినీ వేరుచేసి చెప్పడం కష్టమే, అయినా తప్పనిసరి.

నలుపు తెలుపుల్లో మాయమయ్యే సూర్యుడు

పేరుకు మూలమైన ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ ఇప్పుడు పారిస్‌లోని మార్మొతాన్ మోనే మ్యూజియంలో ఉంది. 48 సెంటీమీటర్ల ఎత్తు, 63 వెడల్పు. పేరుకున్నంత పెద్ద చిత్రమేమీ కాదు. ల ఆవ్ర్ రేవు, పొగమంచు, నీటి మీద చిన్న పడవలు, నారింజ రంగు సూర్యబింబం, నీళ్లలో దాని విరిగిన ప్రతిబింబం.

ఈ చిత్రపు మంచి ఫొటోను ఫోనులో నలుపు తెలుపులకు మార్చి చూస్తే, అంత ప్రస్ఫుటంగా కనిపించిన సూర్యుడు చుట్టూ ఉన్న ఆకాశంలో దాదాపు కలిసిపోతాడు. రంగులో సూర్యుడికీ మబ్బుకూ పోలిక లేదు, వెలుగు స్థాయిలో మాత్రం ఇద్దరూ సమానం. హార్వర్డ్‌కు చెందిన నాడీశాస్త్రవేత్త మార్గరెట్ లివింగ్‌స్టన్ దీనికి ఇచ్చిన వివరణ ఇలా సాగుతుంది: మెదడులో వస్తువు ఎక్కడుంది, కదులుతోందా అని తేల్చే భాగం వెలుగు తేడాలనే గుర్తిస్తుంది, రంగును పట్టించుకోదు, దానికి ఈ సూర్యుడు దాదాపు కనిపించడు. రంగును గుర్తించే భాగానికి మాత్రం స్పష్టంగా కనిపిస్తాడు. ఒక భాగం ఉందంటే మరో భాగం లేదనడంతో సూర్యుడు నిలకడ లేకుండా మినుకుమంటున్నట్టు అనిపిస్తాడు.

చాలామంది ‘మాయ’, ‘స్వప్నం’ అని రాసే గుణానికి ఇంత గట్టి ఆధారం దొరకడం అరుదు. అయితే దీనిమీద అభ్యంతరమూ ఉంది. మినుకుమినుకు ఎందుకో ఈ వివరణ చెబుతుంది గాని, అది చూసి ఆశ కలగాలా, దిగులు కలగాలా అన్నది చెప్పదు. చరిత్రకారులు ప్రవేశించేది ఇక్కడే. ఫ్రాన్స్ 1870–71 యుద్ధంలో ప్రష్యా చేతిలో ఓడి, ఎంతోకాలం కాలేదు; చిత్రంలో పొగమంచు వెనుక ఉన్నవి రేవులోని క్రేన్లు, ఓడల స్తంభాలు, పొగగొట్టాలు. మళ్లీ పని మొదలుపెట్టిన దేశపు ఉదయంగా దీన్ని కొందరు చదువుతారు. ఇది సూర్యోదయమా, సూర్యాస్తమయమా అన్న అనుమానం కూడా చాలాకాలం నడిచింది. ఖగోళ శాస్త్రవేత్త డొనాల్డ్ ఓల్సన్ సూర్యుడి స్థానం, ఆటుపోట్లు, వాతావరణ వివరాలు కలిపి లెక్కగట్టి, ఇది 1872 నవంబరు 13 ఉదయం ఏడున్నర దాటాక కనిపించిన దృశ్యమయ్యే అవకాశం ఎక్కువని తేల్చాడు. ఉదయమని నమ్మి చూసేవారికీ, సాయంత్రమని నమ్మి చూసేవారికీ కంటికి అందేది ఒకే నారింజ. ఆశ అనిపించడంలో చిత్రం పేరు పాత్ర ఎంతో, రంగు పాత్ర ఎంతో విడదీసి చెప్పడం ఎవరికైనా కష్టమే.

కుప్పలు, వాములు, ‘క్షణం’ అనే చిక్కు

1890 శరత్తు నుంచి మరుసటి ఏడాదిలోకి, జివెర్నీలో తన ఇంటి పక్కనున్న పొలంలో మోనే ఒకే వస్తువును దాదాపు ఇరవై ఐదు కాన్వాసుల మీద గీశాడు. 1891 మేలో వాటిలో పదిహేనింటిని డ్యురాన్-రుయెల్ గ్యాలరీలో ప్రదర్శించారు. ఇంగ్లిషు పేరును అనుసరించి తెలుగులో వీటిని ‘గడ్డివాములు’ అంటున్నారు. అది సరికాదు. అవి నూర్చని గోధుమ పనల కుప్పలు. వామి అంటే నూర్చాక మిగిలిన గడ్డి, కుప్ప అంటే గింజతో సహా ఉన్న పంట. ఇంగ్లిషు పేరు దాచేసిన ఈ తేడా వ్యవసాయం తెలిసిన తెలుగుకు సహజంగా అందుతుంది. చిత్రాల్లో కనిపించేది పశువుల మేత కాదు, ఒక ఊరి ఏడాది సంపాదన.

వస్తువు మారకుండా వెలుగు మాత్రమే మారితే భావం ఎంత మారుతుందో చూపే ప్రయోగం ఇది. మంచు పడిన ఉదయంలో కుప్ప నీలి ఊదాల్లో ముడుచుకున్నట్టు ఉంటుంది. సాయంత్రపు ఎదురెండలో దాని అంచులు ఎర్రగా రాజుకుని, మధ్యభాగం నీడలో మునుగుతుంది. కళా విమర్శకుడు జెఫ్రువాకు 1890 అక్టోబరులో రాసిన లేఖలో మోనే తాను వెతుకుతున్నది తక్షణత్వమని, అన్నిటికంటే ముఖ్యంగా వస్తువుల చుట్టూ ఆవరించి అంతటా పరచుకున్న ఒకే వెలుగని, దానికి ‘ఆవరణ’ అన్న అర్థమిచ్చే మాట వాడి చెప్పాడు. ఆ రోజుల్లో సూర్యుడు ఎంత త్వరగా దిగిపోతున్నాడంటే తాను వెంబడించలేకపోతున్నానని మొరపెట్టుకున్నది కూడా ఆ లేఖలోనే.

చిక్కు ఏమిటంటే, ఈ ‘క్షణం’ వారాల తరబడి చేసిన పని. ఎండ మారగానే కాన్వాసు మార్చి, మళ్లీ అదే వెలుగు వచ్చినప్పుడు మొదటిదానికి తిరిగి వచ్చేవాడు; తర్వాత స్టూడియోలో కూడా దిద్దేవాడు. రంగు పొర మీద పొరగా పేరుకుని గరుకుగా తేలింది. మెరుపులా పడినట్టు కనిపించే స్ట్రోకు, కింద ఆరిన మూడు నాలుగు పొరల మీద ఆలోచించి పెట్టినది కావచ్చు. దీన్ని మోసమనేవారు తొందరను నిజాయితీ అనుకుంటున్నారు. మంచి ఆశుకవిత్వంలా వినిపించే పద్యం వెనుక ఎంత అభ్యాసం ఉంటుందో తెలిసినవారికి ఇందులో వైరుధ్యం కనిపించదు.

1896లో మాస్కోలో ఈ కుప్పల్లో ఒకదాన్ని చూసిన చిత్రకారుడు కాండిన్‌స్కీ, క్యాటలాగు చదివేదాకా అది ఏమిటో పోల్చుకోలేకపోయానని తర్వాత రాసుకున్నాడు. అయినా ఆ చిత్రం తనను వదల్లేదన్నాడు. వస్తువే తెలియనప్పుడు కూడా భావం అందిందంటే, దాన్ని మోసుకొచ్చింది రంగే అయి ఉండాలి.

చట్రం బయటి చెట్లు

మళ్లీ 1874 ప్రదర్శనకు వస్తే, కామిల్ పిసారో పెట్టిన వాటిలో ‘తెల్ల మంచు’ అనే 1873 నాటి చిత్రం ఉంది. దున్నిన పొలం మీద గడ్డకట్టిన మంచు, ఏటవాలుగా సాగే పాత బండిదారి, వీపున కట్టెల మోపుతో నడిచే ఒక రైతు. మురికి కాన్వాసు మీద పాలెట్ గీకి పూసినట్టుందని లెరువా దీన్ని ఎగతాళి చేశాడు. దగ్గరగా చూస్తే ఆ గరుకుదనం నిజమే. రంగు ముద్దలుగా, పొడిగా, నాగలి చాళ్లతో పాటే ఏటవాలుగా పడింది. పాదాల కింద పటపటమనే నేల అలాగే ఉంటుంది.

కస్తాన్యారీ మాత్రం మరో తప్పు పట్టాడు. పొలం మీద పొడుగాటి నీడలు అడ్డంగా పడ్డాయి, కానీ ఆ నీడలకు కారణమైన చెట్లు చిత్రంలో ఎక్కడా లేవు. చట్రం బయట ఉన్న చెట్ల నీడలను గీయడం పెద్ద పొరపాటని, చూసేవాడు వాటిని ఊహించుకోవలసి వస్తోందని ఆయన ఆక్షేపణ. దృశ్యాన్ని కాదు, అది కలిగించే స్పర్శను గీస్తున్నారని ఈ చిత్రకారులను అందరికంటే ముందు అర్థం చేసుకున్న విమర్శకుడే ఈ మాట అన్నాడు. పొలంలో నిలబడిన మనిషికి తన పక్కనున్న చెట్లు కనిపించవు, వాటి నీడలే ముందు పరచుకుని కనిపిస్తాయి. పిసారో ఆ మనిషి నిలబడే చోటును కాన్వాసుకు ఇవతల ఖాళీగా వదిలాడు.